హాబిఖ్ట్ దారిలో ముందు ఆవులు, తర్వాతే మనం

మ్యూనిక్‌లో మా తెలుగువాళ్ల ట్రెక్కింగ్ వాట్సాప్ గ్రూపులో మామూలుగా రైలు టికెట్లు, వాతావరణం, పులిహోర ఎవరు తెస్తున్నారు, ఇవే మాటలు. పోయిన వేసవిలో మాత్రం ఒక్క మెసేజ్ మీద పెద్ద గొడవే నడిచింది. మేం కొంతమందిమి ఆస్ట్రియాలో హాబిఖ్ట్ అనే కొండ ఎక్కి దిగాక మాలో చిన్నవాడొకడు రాశాడు: "వ్యూ మామూలుగా లేదు అన్నా. కానీ కింద లోయలో దారంతా పేడే. దారికడ్డంగా ఆవులు. టూరిజం మీద ఇంత సంపాదిస్తున్నారు, ఓ కంచె వేసి చావొచ్చుగా?"

దానికి లైకులు బాగానే పడ్డాయి. "ఆ ఆవులు లేకపోతే నువ్వు చూసిన వ్యూ కూడా ఉండదు తమ్ముడూ" అని నేనొక ముక్క రాసి ఊరుకుందామనుకున్నాను. ఊరుకోనిస్తేగా! ఒకరు కోర్టు తీర్పు లింకు పెట్టారు, ఇంకొకరు రైతులకొచ్చే సబ్సిడీల లెక్క తీశారు. ఫోన్లో బొటనవేలితో వాదించేంత చిన్న విషయం కాదిది, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నా మాట ఇది: ఆల్ప్స్ శిఖరాలెక్కడానికి వచ్చే మనం ఆ లోయల్లో రైతులకి బాకీ ఉన్నాం. దారిలో ఆవు ఉంటే పక్కకి జరగాల్సింది మనం. కంచె కావాలంటే దానికి డబ్బు తియ్యాల్సిందీ ముందు మనమే.

పైనుంచి చూస్తే

హాబిఖ్ట్ ఎత్తు 3277 మీటర్లు. ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రంలో ష్టూబాయ్ లోయకీ గ్ష్నిట్స్ లోయకీ మధ్య, మిగతా పెద్ద కొండలకి ఎడంగా ఒంటరిగా నిలబడి ఉంటుంది. అలా విడిగా కనిపించడం వల్ల ఒకప్పుడు టిరోల్ మొత్తంలో ఇదే ఎత్తయిన కొండ అనుకునేవారట. 1836లో పేటర్ కార్ల్ టుర్వీజర్ అనే సాల్జ్‌బర్గ్ ప్రొఫెసర్, వృత్తికి పాదిరీ కూడా, దీన్ని మొదటిసారి ఎక్కాడు. ఆయన పక్కన ఇంగెనుయిన్ క్రోస్‌బాఖర్ అనే స్థానికుడున్నాడు. రికార్డుల్లో పాదిరీగారి పేరు ముందుంటుంది. కొండ మీద ముందు నడిచిందెవరో ఊహించుకోవడం కష్టం కాదు.

దారి నేడర్ అనే పల్లె దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో మొదలవుతుంది. అక్కణ్ణుంచి పిన్నిస్‌టాల్ అనే ఇరుకు లోయ గుండా నడవాలి. ఒకపక్క తెల్లటి సున్నపురాయి గోడలు, ఇంకోపక్క నైస్ (gneiss) అనే నల్లటి రాయి. మధ్యలో ఇస్సెనాంగర్, పిన్నిస్, కార్ అని మూడు ఆల్మ్‌లు తగులుతాయి. ఆల్మ్ అంటే ఎండాకాలంలో పశువుల్ని తోలుకొచ్చి మేపుకునే కొండ బీడు, దాని మీద ఒక కొట్టం, మనిషి ఉండడానికి ఓ ఇల్లు. ఇప్పుడు చాలా చోట్ల ఆ ఇంటి ముందు నాలుగు బల్లలేసి వచ్చేపోయేవాళ్లకి భోజనం కూడా పెడుతున్నారు. లోయ చివర ఎక్కుడు ఎక్కితే 2369 మీటర్ల దగ్గర ఇన్స్‌బ్రుకర్ హ్యూటె, అంటే కొండెక్కేవాళ్లు రాత్రి ఉండే బస. రాత్రికి అక్కడ పడుకుని పొద్దున్నే ఇనప తాళ్లు పట్టుకుని, బండల మీద పాకుతూ పైకి వెళ్తారు.

శిఖరం మీద అందరి కెమెరాలూ పడమటికే తిరుగుతాయి. అటు 3507 మీటర్ల త్సుకర్‌హ్యూట్ల్, దాని చుట్టూ కరిగిపోతున్న హిమానీనదాలు. దక్షిణాన ట్రిబులౌన్ శిఖరాలు. అందంగానే ఉంటాయి, కాదనను. నాకు మాత్రం కాళ్ల కింద గ్ష్నిట్స్ లోయని చూస్తుంటే ఎక్కువ సేపు పట్టింది. అడుగున లేత ఆకుపచ్చ చెక్కలు, అప్పుడే గడ్డి కోసినవి. వాటి పైన స్ప్రూస్ అడవి నల్లటి పట్టీలా. దాని పైన మళ్లీ లేత ఆకుపచ్చ. ఆ పైన రాళ్లు.

అడవికి పైనున్న ఆ రెండో ఆకుపచ్చ మీద నాకు ఆసక్తి. ఈ ప్రాంతంలో చెట్టు రెండు వేల మీటర్లు దాటి కూడా పెరుగుతుంది. అంటే మనం "ఎంత సహజంగా ఉందో" అని మురిసిపోయే పచ్చిక బయళ్లలో చాలా భాగం ఒకప్పటి అడవే. మనుషులు గొడ్డలితో కొట్టి, నిప్పు పెట్టి, తర్వాత వందల ఏళ్లు పశువుల నోళ్లతో అలా నిలబెట్టుకొచ్చారు. మేపడం మానేస్తే ముందు జూనిపర్, ఆల్పెన్‌రోజ్ పొదలు వస్తాయి. తర్వాత లార్చ్ చెట్లు, ఆ తర్వాత అడవి. కొయ్యకుండా, మేపకుండా వదిలేసిన ఏటవాలు గడ్డి శీతాకాలంలో పొడవుగా వాలి పడుకుంటుంది. దాని మీద మంచు కుదురుగా నిలవక కిందికి జారుతుంది. కాబట్టి అక్కడ ఆవు మేయడమన్నది కింద ఇళ్లున్నవాళ్లకి కూడా సంబంధించిన విషయమే.

ఇదంతా వాళ్లేమీ మన ఫొటోల కోసం చెయ్యలేదు. లోయ అడుగున చదును నేల కాస్తే ఉంటుంది. ఆ కాస్త నేలలో పెరిగిన గడ్డి కోసి ఎండబెట్టి దాచకపోతే ఆరేడు నెలల చలికాలం పశువులు బతకవు. ఎండాకాలంలో పశువులు కిందే ఉంటే ఆ గడ్డి అప్పుడే తినేస్తాయి. అందుకని జూన్‌లో వాటిని కొండెక్కించి, కింద గడ్డి కోసుకుని, సెప్టెంబరులో దించుతారు. ఏర్పాటంతా ఇంతే. దీంట్లో ఒక్క మెట్టు తీసేసినా మిగతాది నిలవదు. హాబిఖ్ట్ మీంచి చూస్తే ఈ లెక్క మొత్తం రంగుల్లో కనపడుతుంది.

2014 జులై

గ్రూపులో ఎవరో లింకు పెట్టారన్నానే, ఆ తీర్పు ఈ లోయదే. 2014 జులైలో పిన్నిస్‌టాల్‌లో కుక్కతో నడిచి వెళ్తున్న 45 ఏళ్ల జర్మన్ మహిళని ఆవుల మంద తొక్కి చంపేసింది. దూడలున్న ఆవులు. కుక్కని చూసి తోడేలో నక్కో అనుకుని ఉంటాయి. పశువులు, వాటికి దూరంగా ఉండండి, కుక్కలతో వస్తే మీదే బాధ్యత అని అక్కడ బోర్డుంది. భర్త, కొడుకు కోర్టుకి వెళ్లారు. 2019లో ఇన్స్‌బ్రుక్ కోర్టు తప్పంతా రైతుదేనంది. పరిహారం, నెలనెలా ఇచ్చే పెన్షన్ కలిపి దాదాపు 4 లక్షల 90 వేల యూరోలకి తేలింది. ఒక కొండ రైతుకి అంత సొమ్ము అంటే ఆస్తి మొత్తం పోయినట్టే. పై కోర్టు తప్పుని చెరి సగం చేసింది. ఎందుకంటే కుక్క తాడుని ఆవిడ నడుముకి కట్టుకుని ఉంది, ఆవులు మీదికొచ్చినప్పుడు కుక్కని వదిలేసే వీల్లేకపోయింది. 2020లో సుప్రీంకోర్టు ఆ సగం సగాన్నే ఖాయం చేసింది.

మొదటి తీర్పు రాగానే రైతులు భగ్గుమన్నారు. ఇక దారులు మూసేస్తాం, కుక్కల్ని రానివ్వం అన్నారు. ప్రభుత్వం హడావిడిగా పర్యాటకులకి పది సూత్రాలు విడుదల చేసింది. చట్టం కూడా మార్చింది: రైతు జాగ్రత్త తీసుకున్నాడా లేదా అని చూసేటప్పుడు, అక్కడికి వచ్చేవాళ్లు తమ బాధ్యత తాము చూసుకోవాలన్నదీ లెక్కలోకి తీసుకోవాలని.

నేను మొదట్లో పూర్తిగా రైతు పక్షమే. పత్రికల్లో వచ్చినవి కాస్త లోతుగా చదివాక అంత తేలిగ్గా ఉండలేకపోయాను. మొత్తం ఆల్మ్ చుట్టూ కంచె వెయ్యమని కోర్టు అనలేదు. జనం బాగా తిరిగే ఆ కాస్త చోట, దూడలున్న మంద ఉన్నప్పుడు దారికి కంచె వేసుండాల్సింది అంది. అది అన్యాయమైన మాటేం కాదు. పైగా చనిపోయింది ఒక తల్లి. "కొండకి వచ్చావు కాబట్టి నీ చావు నీది" అని ఆ పిల్లాడి మొహం మీద చెప్పగలమా?

మా ఊరు ప్రకాశం జిల్లాలో. చిన్నప్పుడు మా ఊళ్లో ఈనిన గేదె ఒక ముసలాయన్ని కుమ్మింది, తుంటి విరిగింది. కోర్టు లేదు, ఇన్సూరెన్స్ లేదు. పెద్దమనుషులు కూర్చుని ఎంతో కొంత ఇప్పించారు. ఆయన ఆ తర్వాత మంచం దిగలేదు. "మా ఊళ్లల్లో ఇలాంటివాటికి ఎవరూ కేసులు పెట్టరు" అని గ్రూపులో ఒకరు గొప్పగా రాస్తే నాకు ఆయనే గుర్తొచ్చాడు. కేసులు పెట్టకపోవడంలో మంచితనం కొంతే. మిగతాదంతా వేరే గతి లేకపోవడం. ఆ పద్ధతి టిరోల్‌కి ఆదర్శమని నేను చచ్చినా అనను.

మరి నా వాదన ఎక్కడ నిలబడుతుంది? పరిహారం ఇవ్వాలా వద్దా అన్న దగ్గర కాదు, ఇవ్వాలి. ఎవరి జేబులోంచి అన్న దగ్గర. లోయకి జనాన్ని పిలిచింది ఆ రైతు ఒక్కడేనా? హోటళ్లు పిలిచాయి, లిఫ్ట్ కంపెనీలు పిలిచాయి, బ్రోషర్ల మీద అదే ఆవు బొమ్మేసి టూరిజం సంఘం పిలిచింది. తీరా ప్రమాదం జరిగితే బోనులోకి మాత్రం ఆవు యజమాని ఒక్కడే వెళ్లాడు.

కార్ ఆల్మ్ కింద

మేం దిగేటప్పుడు జరిగింది చెప్తాను. కార్ ఆల్మ్ దాటి కాస్త కిందికొచ్చేసరికి దారి మీదే ఓ పదిహేను ఆవులు, దూడలతో. బూడిదరంగు టిరోల్ జాతివి. కొన్ని నిలబడి, కొన్ని పడుకుని నెమరేస్తున్నాయి. మా చిన్నవాడు ఫోన్ తీసి ఒక దూడ దగ్గరికి వంగాడు. అది నిజంగా ముద్దొచ్చేలా ఉంది, వాణ్ణి తప్పుపట్టలేను. తల్లి తల దించి చెవులు వెనక్కి పెట్టింది. నేను "ఒరేయ్ ఆగు" అనేలోపే పై నుంచి ఆల్మ్‌లో పనిచేసే ఆవిడ కేక పెట్టింది. చేతిలో కర్ర పట్టుకుని చకచకా దిగొచ్చి, వాలు మీదుగా చుట్టూ తిరిగి పొమ్మని చెయ్యి చూపించింది. జూనిపర్ పొదలు కాళ్లకి గీరుకుంటూ తిరిగి పోయాం. ఆలస్యమైంది పది నిమిషాలు.

మా వెనకాలే ఒక పెద్ద వయసు జంట కుక్కతో వస్తున్నారు. ఆ ఆల్మ్ ఆవిడ వాళ్లతో కాసేపు గట్టిగానే మాట్లాడింది. యాసలో చెప్పిందంతా నాకు అర్థం కాలేదు గానీ సారాంశం తెలిసింది. ఆవు మీదికొస్తే తాడు వదిలెయ్యండి అంటోంది. "నా కుక్క తప్పిపోతే?" అని ఆయన. "అది మీకంటే బాగా పరిగెడుతుంది" అని ఆవిడ. ఆయన నవ్వలేదు. ఆయన భార్య మాత్రం ముసిముసిగా నవ్వింది.

పది సూత్రాల కాగితంలో ఉన్నదీ ఇదే: దూరంగా ఉండు, ముట్టుకోకు, కుక్కని పొట్టి తాడుతో పట్టుకో, ముప్పొస్తే వదిలెయ్, గేటు తీస్తే మళ్లీ వెయ్యి. పశువుల మధ్య పెరిగినవాళ్లకి ఇవి రాసి చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్లకి రాసినా ఎక్కదు, ఎందుకంటే బోర్డు మీద ఆవు బొమ్మ చూడగానే వాళ్లకి చాక్లెట్ కాగితం మీది ఆవు గుర్తొస్తుంది.

రైతు కూడా మారాడు

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ఎదురువాదన ఒకటుంది. ఇది పెట్టింది మా గ్రూపులోనే, వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన ఒక అక్క. "సంప్రదాయం, వందల ఏళ్లు అంటున్నావు సరే. మరి దూడల్ని తల్లులతో మంద మొత్తంగా వదిలెయ్యడం ఏ సంప్రదాయం? పాడి ఆవుల్ని రోజూ పిండేవాళ్లు. మనిషి చెయ్యి అలవాటుండేది. ఇప్పుడు పిండే ఓపిక లేక, మనుషులు దొరక్క, మాంసం కోసం తల్లీదూడల్ని కలిపి వదిలేస్తున్నారు. ఆవు మొరటయింది. ఆ రిస్కు తెచ్చింది రైతే కదా?"

నిజమే. పాలు పిండడమంటే రోజుకి రెండుసార్లు, వారానికి ఏడు రోజులు. టిరోల్‌లో సగానికి పైగా రైతులు పూర్తికాలం రైతులు కారు. పగలు ఇన్స్‌బ్రుక్‌లోనో, స్కీ లిఫ్ట్ దగ్గరో ఉద్యోగం, తెల్లారుజామున, సాయంత్రం పశువుల పని. అలాంటి ఇంటికి పాడి కన్నా దూడల మంద తేలిక. మనుషులతో రోజూ పని పడని ఆవు కొత్తవాళ్లని చూస్తే బెదురుతుందన్నదీ నిజమే. గుడ్డిగా "సంప్రదాయం" అంటూ చేతులు జోడించేవాళ్లకి ఈ అక్క మాట వినిపించాలి. అక్కడ కోసిన గడ్డి తెల్లటి ప్లాస్టిక్ చుట్టల్లో ఉంటుంది, మందని చూసుకునేవాడు క్వాడ్ బైక్ మీద వస్తాడు. మ్యూజియం కాదది.

కానీ ఈ మార్పు ఎందుకొచ్చింది? పాల ధర గిట్టక, ఊళ్లో ఉద్యోగం వదులుకోలేక. ఆ ఉద్యోగాల్లో చాలావాటికి మూలం టూరిజమే. అంటే మనలాంటివాళ్ల రాకడే ఒకవైపు రైతుని ఆవుకి దూరం చేసింది, ఇంకోవైపు జనాన్ని ఆవుకి దగ్గర చేసింది. ఇందులో రైతు తప్పు లేదని అనను. ఆ తప్పు అతను ఒంటరిగా చెయ్యలేదు అంటున్నానంతే.

ఇక్కడో చిన్న సంగతి. సెప్టెంబరులో పశువుల్ని దించేటప్పుడు వాటి తలలకి పూల కిరీటాలు పెట్టి, పెద్ద గంటలు కట్టి ఊరేగిస్తారు. మా గ్రూపులో ఆ ఫొటోలకి ఎప్పుడూ గిరాకీ. కానీ ఆ వేసవి కొండ మీద పశువు చచ్చిపోయినా, ఇంట్లో మనిషి పోయినా ఆ ఇంటివాళ్లు అలంకారం మానేసి ఊరికే తోలుకొస్తారు. ఆ పూలన్నీ ఏ నష్టం లేకుండా గట్టెక్కామన్న సంబరానికి పెట్టేవి. ఇప్పుడు చాలా ఊళ్లలో దానికి తేదీ ముందే ప్రకటించి, బీరు స్టాళ్లు పెట్టి, బస్సుల్లో జనాన్ని దించుతున్నారు. తప్పని అనను, ఆ రోజు రైతుకీ నాలుగు డబ్బులొస్తాయి.

మరి సబ్సిడీ?

గ్రూపులో అందరికన్నా గట్టి పాయింటు అనిపించుకున్నది ఇది: "కొండ రైతుకి యూరోపియన్ యూనియన్ డబ్బిస్తుంది. అది మన ట్యాక్సే. మన డబ్బు తీసుకుంటూ మనకి దారి శుభ్రంగా ఇవ్వకపోతే ఎలా?"

ఆ డబ్బు వస్తుంది, తక్కువేం కాదు. అది లేకపోతే చాలా కొండ కమతాలు ఈపాటికి మూతపడేవి. కానీ ఆ డబ్బు ఇస్తున్నది ఏటవాలులో, అసౌకర్యంలో సాగు చేసినందుకు, పశువుల్ని ఆల్మ్‌కి తోలినందుకు. అంటే సరిగ్గా ఆ పేడ కోసమే మనం డబ్బిస్తున్నాం! పేడ లేని ఆల్మ్ కావాలంటే సబ్సిడీ ఆపేస్తే సరిపోతుంది, ఓ ముప్పయ్యేళ్లలో దారి మీద ఆవులుండవు, దారీ ఉండదు, పొదలుంటాయి.

నడిచే హక్కు సంగతీ ఇలాంటిదే. ఆస్ట్రియాలో 1975 అటవీ చట్టం ప్రకారం అడవిలో ఎవరైనా విహారానికి నడవొచ్చు. భూమి ప్రైవేటుదైనా సరే. చెట్ల గీత పైన కూడా చాలావరకు ఎవరూ అడ్డు చెప్పరు. మన దగ్గర ఎవరి చేలో అడుగు పెట్టినా "ఎవరు బాబూ మీరు?" అని అడుగుతారు. ఇక్కడ వేరేవాళ్ల బీడు మధ్యలోంచి, వాళ్ల కొట్టం గోడ రాసుకుంటూ పోతాం, ఒక్కరూ అడగరు. అంత స్వేచ్ఛ దొరికిన చోట, పక్కకి జరిగి పది నిమిషాలు చుట్టూ తిరగడం పెద్ద ఖరీదని నాకనిపించదు.

ఇక అసలు ఎవరు ఏం కడుతున్నారో చూద్దాం. లోయలో హోటల్లో దిగేవాడు రాత్రికింత అని పర్యాటక పన్ను కడతాడు. దారుల బాగోగులు చూసే టూరిజం సంఘానికి అది ఒక ఆదాయం. హ్యూటెలో పడుకునేవాడు కనీసం మంచానికీ సూపుకీ డబ్బిస్తాడు. పొద్దున్న మ్యూనిక్‌లో బయల్దేరి, బ్యాగులో చపాతీలు మోసుకుని, శిఖరం ఎక్కి దిగి, సాయంత్రానికి ఇంటికి చేరేవాడు? మహా అయితే పార్కింగ్ చీటీ. మా గ్రూపు ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఈ రకమే. కంచె ఎందుకు లేదని గట్టిగా అడుగుతున్నదీ మేమే.

అందుకని నేను గ్రూపులో పెట్టిన ప్రతిపాదన ఇది. జనం బాగా తిరిగే ఆల్మ్ దారుల్లో, దూడలున్న నెలల్లో, ఎత్తి మళ్లీ తీసేసే కరెంటు కంచె వెయ్యాలి. దాని ఖర్చు, మనిషి కూలి టూరిజం సంఘం పెట్టుకోవాలి. దానికోసం లోయ మొదట్లో పార్కింగ్ మీద రెండు యూరోలు పెంచాలి. జనం తక్కువుండే పై బీళ్లలో మాత్రం కంచె అడగొద్దు. అక్కడ మన జాగ్రత్త మనదే. కుక్కని తీసుకెళ్లేవాడైతే మరీను.

కంచె వస్తే అడవి జంతువులకి ఇబ్బంది కదా అని ఒకరన్నారు, అది ఆలోచించాల్సిందే. కంచె కట్టే మనిషి ఎక్కడ దొరుకుతాడు, ఉన్నవాళ్లకే తీరిక లేదన్నావుగా అని ఇంకొకరన్నారు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. కొన్ని చోట్ల వేసవి సెలవుల్లో వాలంటీర్లు వెళ్లి కొండ రైతులకి పని సాయం చేస్తారు, అలాంటిదేదైనా చూడొచ్చేమో. పేడ గురించి మొదలెట్టిన మా చిన్నవాడు మాత్రం "రెండు యూరోలా? అసలే పార్కింగ్ ఖరీదు అన్నా" అని రాశాడు. వచ్చే జూన్‌లో మళ్లీ ష్టూబాయ్ వైపే ప్లాన్ చేస్తున్నాం. ఈసారి భోజనం బ్యాగులో కాకుండా పిన్నిస్ ఆల్మ్ బల్ల మీద అని పోల్ పెట్టాను. పులిహోర పక్షం ఇప్పటికి ఆధిక్యంలో ఉంది.